నాలుగోవాడి వాటా

ఒక మనిషికి ఎర్రకారు ఉండేది. దాని బానెట్ కింద వరసగా నాలుగు పిస్టన్లు పనిచేసేవి. ఒక కడుపున పుట్టినవి కావు గానీ, ఒకే షాఫ్టుకు కట్టుబడి ఏళ్ల తరబడి పైకీ కిందికీ ఆడినవాళ్లను అన్నదమ్ములనక ఏమంటాం?

మొదటివాడిది పెద్ద గొంతు. రెండోవాడూ మూడోవాడూ వాడికి వంత పాడేవాళ్లు. నాలుగోవాడు నోట్లో నాలుక లేని రకం. వాడికి పెట్రోలు అందించే గొట్టం కొస కాస్త పూడుకుపోయి ఉండేది. మిగతా ముగ్గురికీ అందినంత వాడికి అందేది కాదు. వచ్చినదానితో సరిపెట్టుకుని, ముగ్గురితో సమానంగా పరుగెత్తేవాడు. ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఎర్రకారతనికి ఈ సంగతి బొత్తిగా తెలియదనడానికి లేదు. నెలకోసారి, ఒక్కో పిస్టన్ నెత్తిన నిప్పు రాజేసే ప్లగ్గులు విప్పి చూసుకునేవాడు. మూడు ప్లగ్గుల కొసలు బిస్కెట్టు రంగులో ఉండేవి, అంటే ఆ ముగ్గురికీ కడుపు నిండుతోందని. నాలుగోది మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది, అంటే అక్కడ పస్తని. చూసినప్పుడల్లా "వచ్చే నెల బాగు చేయిస్తా" అనుకునేవాడు. మనసు మంచిదే పాపం. ఆ వచ్చే నెల మాత్రం ఎప్పుడూ వచ్చే నెలలోనే ఉండిపోయేది.

ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున కార్ల సరదా ఉన్నవాళ్లంతా అక్కడ చేరి పందేలు వేసుకునేవాళ్లు. గెలిచినవాడికి దక్కేదల్లా ఓడినవాడు ఇప్పించే టీ. ఎర్రకారతను వరసగా పదకొండు ఆదివారాలు ఒక తెల్లకారాయనకు టీ ఇప్పించాడు. ప్రతిసారీ తేడా ఒక్క బానెట్ పొడవే. ఆమడ దూరంలో ఓడిపోతే మనిషికి నిద్ర పడుతుంది గానీ, మూరెడు దూరంలో ఓడిపోతే పట్టదు.

పన్నెండో ఆదివారం ఆఖరిదని తేలింది. సోమవారం నుంచి రన్‌వే తవ్వేస్తామని గేటు దగ్గర బోర్డు పెట్టారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ తెల్లకారును దాటాలి. ఎర్రకారతను కోరుకున్నది అంతకు మించి ఏమీ లేదు. ఈ కోరికను తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు.

అందుకని శుక్రవారం నాడు నైట్రస్ బాటిళ్లు అమ్మే ఆవిడ దుకాణానికి వెళ్లాడు. ఆ బాటిల్‌లో ఉండే గ్యాసును ఇంజిన్‌లోకి వదిలితే పిస్టన్లకు ఒక్కసారిగా బోలెడంత ఊపిరి వస్తుంది. మామూలు కారు కాసేపు మామూలుది కాకుండా పోతుంది. గోడ వెంబడి నీలం బాటిళ్లు బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

ఆ దుకాణంలో ఒక పద్ధతుంది. ఎంత తొందరలో ఉన్నవాడైనా ముందు తన ఇంజిన్ ప్లగ్గులు విప్పి, బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ మీద వరసగా పెట్టాలి. వాటి రంగు చూసి, ఆ ఇంజిన్ ఎంత ఊపిరికి తట్టుకుంటుందో ఆవిడ చెబుతుంది. మనుషులు చెప్పేది ఆవిడ పెద్దగా పట్టించుకోదు.

ఎర్రకారతనికి ఈ పద్ధతి ముందే తెలుసు. అందుకే గురువారం సాయంత్రం నాలుగు ప్లగ్గులూ పెట్రోల్లో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది తళతళలాడించాడు. చుట్టాలొస్తున్నారంటే చిరిగిన దుప్పటి మంచం కిందికి తోసేస్తాం చూడండి, అలాంటి పనే. ఆవిణ్ణి మోసం చేద్దామని కాదు. తన ఇంజిన్‌ని చూసి ఎవరూ పెదవి విరవకూడదని. ప్రేమ ఉన్నచోట ఇలాంటి తెలివితక్కువ పనులు ఎక్కువే జరుగుతాయి.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక్కో ప్లగ్గునూ తిప్పి తిప్పి చూసింది.

"కొత్తవా తమ్ముడూ?"

"కాదక్కా. మా బండి అంత శుభ్రంగా మండుతుంది."

"నలుగురూ సమానంగా తింటున్నారా?"

"సమానంగానే అక్కా."

ఆవిడ బాటిల్‌కు బిగించే సామాను ఉన్న మూడు పెట్టెలు తెచ్చి ముందు పెట్టింది.

"ఇది ఒట్టి గ్యాసే ఇస్తుంది. దానికి తగ్గ పెట్రోలు నీ బండే చూసుకోవాలి. ఈ రెండోది గ్యాసూ పెట్రోలూ కలిపి ఒకే మూతిలోంచి కొడుతుంది. లోపలికెళ్లాక ఎవడికెంత అందిందన్నది వాళ్ల అదృష్టం. ఈ మూడోదానిలో నాలుగు మూతులుంటాయి. ఎవడి వాటా వాడి నోట్లోకే పోతుంది."

"మూడోదే ఇవ్వక్కా."

"ఇస్తా. కానీ ఇంజిన్ పైభాగం విప్పి నాలుగు చోట్ల బెజ్జాలు వేయాలి. పది రోజుల పని."

"పందెం ఎల్లుండేనక్కా!"

"మానెయ్."

"ఇదే ఆఖరి పందెం. మళ్లీ ఉండదు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఇలాంటి మొహాలు ఆవిడకు కొత్త కాదు. అయినా జాలేసింది.

"సరే, రెండోది తీసుకో. మూతికి చిన్న బెజ్జమున్న జెట్టు వేస్తా, యాభై గుర్రాల బలం పెరుగుతుంది. నలుగురిలో ఎవడైనా కాస్త నీరసంగా ఉన్నా నెట్టుకొస్తాడు."

"యాభైతో ఆ తెల్లకారు అందదక్కా. వంద కావాలి."

"నలుగురికీ కడుపు నిండుతోందని నువ్వు మాటిస్తే, వందది ఇస్తా."

నాలుగోవాడి సంగతి ఎర్రకారతని గొంతుదాకా వచ్చింది. చెబితే ఆవిడ యాభై జెట్టే చేతిలో పెడుతుంది. మళ్లీ అదే బానెట్ పొడవు, మళ్లీ అదే టీ. పైగా, రుద్ది రుద్ది తెచ్చిన ప్లగ్గులు ఎదురుగా మెరుస్తుంటే ఇప్పుడు నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు.

"మాటిస్తున్నానక్కా" అన్నాడు.

శనివారమంతా కూర్చుని బాటిల్‌ను వెనక డిక్కీలో బిగించాడు, గొట్టాన్ని ముందుకు లాగాడు, స్టీరింగ్ పక్కన ఎర్రబటన్ పెట్టాడు. ఇంజిన్ మూతికి కొత్త గొట్టం తగిలేసరికి లోపల కలకలం రేగింది.

"రేపు మనకి గాలి దండిగా ఇస్తారంట్రా!" అన్నాడు మొదటివాడు.

"ఎగరడమే ఇక!" అన్నారు రెండోవాడూ మూడోవాడూ.

"మరి తిండో?" అన్నాడు నాలుగోవాడు. వాడు నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదటిసారి.

"అదీ వస్తుందిలేరా చిన్నోడా" అన్నారు ముగ్గురూ. వాళ్లకి ఎప్పుడూ వస్తూనే ఉంది కాబట్టి, మనస్ఫూర్తిగానే అన్నారు.

ఆదివారం పొద్దున రెండు కార్లూ గీత దగ్గర నిలబడ్డాయి. ఒకాయన భుజం మీది తువ్వాలు తీసి గాల్లో ఊపాడు. రెండూ ఒక్కసారే కదిలాయి. మామూలుగానే తెల్లకారు బానెట్ పొడవు ముందుకు వెళ్లింది. మూడో గేరు పడగానే ఎర్రకారతను బటన్ నొక్కాడు.

వెనకనుంచి ఎవరో రెండు చేతులతో నెట్టినట్టు ఎర్రకారు ముందుకు దూకింది. అతని వీపు సీటుకు అతుక్కుపోయింది. పదకొండు వారాలుగా ఎదురుగా మాత్రమే చూసిన తెల్లకారు పక్కకు వచ్చింది. మొదటిసారి అందులో కూర్చున్నాయన మొహం పక్కనుంచి కనిపించింది. సంతోషంతో ఎర్రకారతనికి నవ్వొచ్చింది.

అప్పుడే ఇంజిన్ చివరినుంచి చిన్న చప్పుడు మొదలైంది. రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు టకటకటక. అది ఎవరి గొంతో అతనికి తెలుసు. గాలి కావలసినంత ఉంది, తిండి లేదు. వట్టి కడుపుతో మండుతున్నాడు.

బటన్ మీద వేలు తీస్తే చాలు, ఆ చప్పుడు ఆగిపోతుంది. పందెం ముగిసే గీత ఇంకా మూడు నాలుగు సెకన్ల దూరంలో ఉంది.

"ఒక్క క్షణం ఓర్చుకో నాన్నా" అన్నాడు పైకే.

ఆ మాట పూర్తవుతుండగా తెల్లకారాయన తలతిప్పి ఇటు చూశాడు. మరుక్షణం తెల్లకారు వెనకబడింది. మొదట దాని తలుపు, తర్వాత బానెట్ పక్కనుంచి జారిపోయాయి, ఆ తర్వాత అసలు కనబడకుండా పోయింది. ఎర్రకారతని గుండె గాల్లో తేలింది. దాటేశాను, దాటేశాను! వేలు ఇంకా గట్టిగా నొక్కాడు.

నాలుగోవాడు ఆఖరిసారి పైకి వెళ్లాడు. కిందికి దిగేటప్పటికి వాడి తల కరిగిపోయి ఉంది.

ఎర్రకారు గీత దాటి, ముగ్గురి మీద కుంటుకుంటూ కొంత దూరం పోయి ఆగింది. బానెట్ సందుల్లోంచి నీలంగా పొగ వచ్చింది. చూసేవాళ్లు ఈలలు వేస్తూ పరుగెత్తుకొచ్చారు. ఒకాయన టీ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. అతను దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

తెల్లకారాయన నింపాదిగా వచ్చి పక్కన ఆగాడు. గెలిచావని అనలేదు. బానెట్ ఎత్తి, చేతికి వేడి తగలకుండా ఇంజిన్ చివరివైపు వేలు చూపించాడు.

"ఈ చివరివాడేనా?"

"మీకెలా తెలుసన్నా?"

"పక్కనే ఉన్నాగా. వినబడింది. వినబడగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేశాను."

"మీరెందుకు తీశారు?"

"నేను తగ్గితే నువ్వూ తగ్గుతావనుకున్నా తమ్ముడూ."

ఎర్రకారతనికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంతమందిలో ఏడవడమేమిటని సిగ్గుపడ్డాడు గానీ, కన్నీళ్లు ఆగలేదు. తెల్లకారాయన అటు తిరిగి, తన డిక్కీలోంచి తాడు తీయడం మొదలుపెట్టాడు.

ఎర్రకారును తెల్లకారుకు కట్టారు. లోపలివాళ్లకు తిరిగే శ్రమ లేకుండా ఎర్రకారతను గేరును న్యూట్రల్‌లో పెట్టాడు. తాడు ఎక్కడా కుదుపు రాకుండా తెల్లకారాయన మెల్లగా పోనిచ్చాడు. రన్‌వే గేటు దాటారు, రోడ్డెక్కారు.

ఇంజిన్ శబ్దం లేకపోవడంతో ఆ కారులో ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో బానెట్ కిందనుంచి మొదటివాడు మాట్లాడటం అతనికి వినిపించింది. ఇన్నేళ్లలో వాళ్ల మాట అతని చెవిన పడటం అదే మొదలు.

"పోతూ పోతూ చిన్నోడు అడగమన్నాడు" అన్నాడు మొదటివాడు. "గెలిచామా?"

ఎర్రకారతను అద్దంలోంచి ఎదురుగా చూశాడు.

"లేదురా" అన్నాడు. "ఆయనే ఇంకా మన ముందున్నాడు."