పువ్వుకి వడ్డించిన వెలుగు

దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున తామే ముందు వరసలో నిలబడ్డామని గవర్రాజు ఇంటివాళ్ళ నమ్మకం. నిలబడ్డ మాట నిజమే గానీ గిన్నె తీసుకెళ్ళడం మరిచిపోయారని కాకినాడ జగన్నాథపురంలో మిగతావాళ్ళు అనేవాళ్ళు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పెళ్ళిళ్ళకి లైటింగు కట్టే పేర్రాజు, అతను నిచ్చెనెక్కితే కింద పట్టుకునే అన్న గవర్రాజు, ఇద్దరికీ వండిపెట్టే వదిన నూకరత్నం.

వాళ్ళ తెలివికి మూలపురుషుడు తాత. ఆస్పత్రి గుమ్మం దగ్గర ‘చెప్పులు ఇక్కడ విడువవలెను’ అని బోర్డుంటే ఆయన విడిచేవాడు, మందు పుచ్చుకుని ఒట్టికాళ్ళతో ఇంటికొచ్చేవాడు. “మళ్ళీ తొడుక్కోవలెను అని ఎక్కడ రాశాడ్రా?” అనేవాడు. అలా పదకొండు జతలు విడిచాడు. పోతూ పోతూ, “చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివంటే” అని చెప్పిపోయాడు. ఆ మాట ఆ ఇంట్లో వేదమైంది.

పేర్రాజుకి మాత్రం అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. “నా బుర్రకి వైరింగు బానే ఉందొదినా, కరెంటే రావట్లేదేమో” అనేవాడు. “మనింట్లో అందరిదీ ఒకటే లైను కదా నాయనా, బెంగపడకు” అని నూకరత్నం ఓదార్చేది.

వాళ్ళ మేడ మీద వాటాలో సుభాషిణి మేడంగారని, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడ అద్దెకుండేది. ఆవిడ హాల్లో మూడడుగుల గాజుతొట్టి, అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, ఆ రాళ్ళ మీద ఓ సముద్రపు పువ్వు. పువ్వంటే పువ్వు కాదు, ప్రాణమున్న జంతువే. మెత్తటి వేళ్ళు వంద విప్పుకుని నీళ్ళలో ఊగుతుంటే, వాటి మధ్య నారింజ రంగు జోకరు చేపలు రెండు కాపురం చేసేవి. తొమ్మిదేళ్ళుగా మేడంగారు దాన్ని సాకుతోంది.

సరిగ్గా ఆవిడ మోకాలి ఆపరేషనుకి విశాఖ వెళ్ళే ముందు తొట్టి మీది లైటు కాస్తా మాడిపోయింది. అప్పటికే తెప్పించి ఉంచిన నీలం లైటు పట్టీలూ, తెల్ల లైటు పట్టీలూ, అవి అంటించే చెక్కా, టైమరూ పేర్రాజు ముందు పెట్టింది.

“పేర్రాజూ, నువ్వే బిగించాలి. వెలుగు లేకపోతే ఇది చచ్చిపోతుంది. దీనికి వెలుగే అన్నం. రోజుకి ఎనిమిది గంటలు చాలు, టైమరు చూసుకుంటుంది. కొత్త వెలుగు కదా, కొద్దికొద్దిగా అలవాటు చెయ్యి. ఇంటికొచ్చిన చుట్టంలా చూసుకో. ఇరవైరోజుల్లో వచ్చేస్తాను. నీ చేతిలో పెట్టి వెళ్తున్నాను.”

వీధిలో అతన్ని చూసి నవ్వని మనిషి ఆవిడొక్కతే. అలాంటి మనిషి తొమ్మిదేళ్ళ ప్రాణాన్ని చేతిలో పెట్టేసరికి పేర్రాజు రెండు చేతులూ జోడించాడు. “ఆయ్, నా ప్రాణం అడ్డేస్తానండి” అన్నాడు. బిగింపులో అతనికి వంక పెట్టక్కర్లేదు. చెక్కకి పట్టీలు వరసగా అంటించాడు, టైమరు తగిలించాడు, సాయంత్రానికల్లా లైటు సిద్ధం.

“ఆగరా, కొద్దికొద్దిగా అలవాటు చెయ్యమన్నారు” అన్నాడు గవర్రాజు. అంతే! మొదటిరోజు లైటుని గుమ్మం బయట నిలబెట్టి పువ్వుకి చూపించారు. రెండోరోజు కిటికీలోంచి చూపించారు. మూడోరోజు లోపలికి తెచ్చి కుర్చీలో పెట్టారు. నాలుగోరోజు తొట్టి పక్కన పెట్టి, “ఇదిగోనమ్మా, ఈయన ఇక్కడే ఉంటాడు, మంచోడే” అని నూకరత్నం పరిచయం చేసింది. ఈ నాలుగురోజులూ వెలిగించింది మాత్రం లేదు. పరిచయం లేకుండా వెలిగిస్తే జడుసుకోదూ మరి?

ఐదోరోజుకి పువ్వు వేళ్ళన్నీ వాడిపోయి, రంగు వెలిసి, రాతికి అంటుకుపోయింది. పేర్రాజు గబగబా లైటు బిగించి వెలిగించాడు.

“ఎనిమిది గంటలూ ఒకే బిగిన అన్నం పెడతారేంటి, ఎవరైనా?” అని నూకరత్నం అడ్డుపడింది. నిజమే కదా! టైమరు పీకి పక్కన పడేశారు. పొద్దున్న టిఫిను వెలుగు, మధ్యాహ్నం భోజనం వెలుగు, రాత్రికి ఫలహారం వెలుగు అని పంచారు. శనివారం వచ్చింది. ఆ ఇంట్లో శనివారం ఒక్కపొద్దు. ఇంకేముంది, పువ్వు చేత కూడా ఒక్కపొద్దు చేయించారు.

ఆదివారం చూస్తే పువ్వు ఉన్నచోటనే ముడుచుకుని గుప్పెడంత అయింది. గవర్రాజు తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, గడ్డం గోక్కుని, తేల్చేశాడు.

“దీనికి మొహమాటంరా.”

“మొహమాటమా అన్నయ్యా?”

“చుట్టం కదా! వడ్డించినప్పుడు వద్దువద్దంటది. వద్దన్నాదని ఊరుకుంటే మన గోదారోళ్ళ మర్యాదేం గానూ? మారు వడ్డించాల్రా!”

అంతే! పేర్రాజు కిందకి పరుగెత్తి పెళ్ళిపందిట్లో వాడే ఫోకస్ లైటొకటి మోసుకొచ్చాడు. “ఇంకాస్త వేసుకోమ్మా” అంటూ వెలిగించారు. పువ్వు ఇంకాస్త ముడుచుకుంది. “చూశావా, చెయ్యి అడ్డం పెడతంది! వెయ్యి ఇంకోటి!” అన్నాడు గవర్రాజు. రెండోది వేశారు. పువ్వు ఉసిరికాయంత అయింది. “మా ఇంట్లో ఇంత తక్కువ తింటే ఊరుకోమమ్మా” అని నూకరత్నం మూడోది వేయించింది. హాలంతా మధ్యాహ్నమైపోయింది. ఎదురింటి కోడి రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ కూసింది.

అంతటితో అయిందా? చుట్టం విస్తరి ముందు కూర్చుని తినకుండా ఉంటే ఇంటివాళ్ళు తినొచ్చా? మర్యాదేనా అది? కుదరదన్నాడు గవర్రాజు. ముగ్గురూ పస్తు. ఆకలికి కళ్ళు తిరుగుతూనే, పట్టుదలగా వడ్డిస్తూనే ఉన్నారు. నీళ్ళు వేడెక్కి జోకరు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచేసరికి, “పాపం, ఇవి దాహమడుగుతున్నాయి” అని నూకరత్నం గ్లాసుతో మంచినీళ్ళు అందించబోయింది.

అప్పుడు పేర్రాజుకి ఏడుపొచ్చింది. ఉత్తుత్తి ఏడుపు కాదు, ఓ పెళ్ళిలో తను లైట్లు కట్టిన పందిరి కూలిపోయిన రోజున కూడా అంత ఏడవలేదు. “దీన్ని నేనే చంపేస్తున్నాను వదినా. వెధవ బుర్ర. వంద ఇళ్ళలో వెలుగు పెట్టానే, ఒక్కనాడూ ఇందులో పెట్టుకోలేదే!” అని నెత్తి మొట్టుకుని, ఆస్పత్రిలో ఉన్న మేడంగారికి ఫోను చేసి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

అవతల ఆపరేషనైన కాలితో ఆవిడ మంచం మీద లేచి కూర్చున్నట్టుంది.

“ఆర్పు! ఆ ఫోకస్‌లన్నీ ఆర్పి అవతల పారెయ్యి! నీ చెక్క లైటొక్కటే ఉంచి టైమరు పెట్టు. చేపలకి రోజూ చిటికెడు మేత వెయ్యండి, మీరు మనుషుల్లా తినండి. అంతకు మించి దాని జోలికి పోయారా, చూసుకోండి. అసలు దాని వైపు కన్నెత్తి చూడకండి!”

చెప్పింది చెప్పినట్టు చేశారు. ఫోకస్‌లు ఆరిపోయాయి, టైమరు టిక్కుమంది. ముగ్గురూ తొట్టికి వీపు తిప్పి చాప మీద కూర్చున్నారు. నూకరత్నం రోజూ వెనక్కి వెనక్కి నడిచివెళ్ళి, చిటికెడు మేత భుజం మీదుగా విసిరేది. మొదటి రెండురోజులూ అది గవర్రాజు నెత్తిన పడింది, ఆ తరవాత గురి కుదిరింది. పేర్రాజు గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. వెనకాల నీలం వెలుగు వచ్చినప్పుడల్లా అతనికి మెడ లాగేసేది. బతికిందో లేదో ఒక్కసారి చూద్దామనిపించేది. చూసి చంపేకంటే చూడకపోవడమే నయమని, ఈ కళ్ళకి చేతనైన మంచిపని ఇదొక్కటేనని సర్దిచెప్పుకునేవాడు. రోజులు లెక్కపెట్టుకుంటూ అలా కూర్చున్నాడు.

ఇరవయ్యో రోజు పొద్దున్న చేతికర్ర చప్పుడైంది. మేడంగారు గుమ్మంలో నిలబడి తొట్టికేసి చూసింది. చాలాసేపు చూసింది. పేర్రాజు గోడకేసే కూర్చున్నాడు.

“పేర్రాజూ, ఎంత బాగా విచ్చుకుందో!”

“తిరగొచ్చాండీ?” అన్నాడు సన్నగా.

“తిరుగు నాయనా.”

తిరిగాడు. పువ్వు పళ్ళెమంత అయ్యి, వంద వేళ్ళూ ఊపుతోంది. అందులో జోకరు చేపలు దూరి బయటికొస్తున్నాయి. పేర్రాజు కళ్ళు తుడుచుకుని, “నేనేం చెయ్యలేదండి” అన్నాడు.

“అందుకే బతికింది” అంది ఆవిడ నవ్వుతూ. “ఇవాళ ముగ్గురూ మా ఇంట్లోనే భోంచెయ్యాలి.”

ఆవిడకి తోడొచ్చిన చెల్లెలు వంట చేసింది. పనసపొట్టు కూర పోపు వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. ముగ్గురూ స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, ఆకలితో నకనకలాడుతూ వచ్చి హాల్లో వరసగా కూర్చున్నారు. మేడంగారు మెల్లగా కర్ర పోటేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, కూర గిన్నెతో తిరిగొచ్చి, ఆగిపోయింది.

ముగ్గురూ ట్యూబులైటు కింద మఠం వేసుకుని, మొహాలు పైకెత్తి, కళ్ళు మూసి, నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

“ఏం చేస్తున్నారు?”

“భోంచేస్తున్నామండి” అన్నాడు గవర్రాజు కళ్ళు తెరవకుండా. “మీ ఇంట్లో వెలుగే అన్నం కదండీ. వడ్డన బ్రహ్మాండం!”

“మొహమాటపెట్టి ఆ రెండో లైటు వెయ్యకండి మేడంగారూ, ఇప్పటికే పొట్ట పట్టట్లేదు” అంది నూకరత్నం. ఆ మాట అంటుండగానే కడుపు గుర్రుమంది.

పేర్రాజు మాత్రం ముక్కు కూర గిన్నె వైపూ, మొహం లైటు వైపూ పెట్టి అవస్థ పడుతున్నాడు. మేడంగారు నుదురు కొట్టుకుంది. ఇక వీళ్ళకి నోటితో చెప్పి లాభం లేదనుకుని, గోడ దగ్గరికెళ్ళి స్విచ్చి ఆర్పేసింది.

పేర్రాజు ఉలిక్కిపడి లేచాడు.

“అయ్యయ్యో మేడంగారూ! విస్తరి ఎత్తేశారేంటండీ? నేనింకా మజ్జిగ దాకా రాలేదు!”