గవరయ్య పీట

సముద్రం ఇప్పటికంటే కోసెడు దూరంగా ఉన్న రోజుల్లో చింతలరేవు అని ఒక రేవు ఉండేది. ఆ రేవులో గవరయ్య అని ఒకడుండేవాడు. పడవల చీలికల్లో కొబ్బరిపీచు కూరి, పైన గుగ్గిలం పూయడం వాడి పని. వాడు పూస్తే చుక్క నీరు దిగేది కాదు. అయినా పెద్దవాళ్ళెవరూ వాడి పేరు అడగలేదు.

ఓసారి ఒక ఓడ, జబ్బుచేసిన దొరనొకణ్ణి రేవులో దింపేసి పోయింది. దొరతోపాటు మనిషి ఛాతీ ఎత్తు ఫిడేలు. ఇప్పటివాళ్ళు చెల్లో అంటారు. గవరయ్య దొరకి గంజి పోశాడు. దొర గవరయ్యకి కమాను పట్టి తీగల మీద లాగడం నేర్పాడు. మూడేళ్ళు గంజి, మూడేళ్ళు పాఠం. కన్నుమూసే ముందు దొర ఆ ఫిడేలు వాడికే ఇచ్చాడు.

పడవకి పూసే గుగ్గిలమే గవరయ్య కమానుకీ రాసేవాడు. గుడి మేళం విని విని, మన రాగాలన్నీ దాని మీద పలికించాడు. దాని గొంతు లోతైనది. మోగితే కాళ్ళకింద నేల కూడా వినేది.

కానీ ఆ సీమలో ఒక కట్టుబాటు ఉంది. నవరాత్రుల్లో రాజుగారి కొలువులో వాయించినవాడికే ఏ ఊళ్ళోనైనా కచేరీ. మిగిలినవాళ్ళు ఇంట్లో వాయించుకోవలసిందే.

మొదటి ఏడు గవరయ్య వెళ్ళాడు. ఆ ఫిడేలు మోకాళ్ళ మధ్య నిలబడాలి కదా, ఎత్తు పీట కావాలన్నాడు.

దివానుగారు కళ్ళెర్రజేశాడు. "రాజుగారి ఎదుట పీటెక్కుతావా? మహా మహా వైణికులే చాప మీద కూర్చున్నారు!"

"పీట నాక్కాదు బాబూ, నా పనికి."

ఎవరు వింటారు? చాప మీదే కూర్చోబెట్టారు. కమాను నేలకి తగిలింది. ఫిడేలు కీచుమంది. సభ నవ్వింది.

రెండో ఏడూ వెళ్ళాడు. రెండో ఏడూ అదే మాట. "పీట నాక్కాదు బాబూ, నా పనికి."

"ఓ మూరెడు కోయించుకురా, చాపకి సరిపోతుంది" అన్నాడు దివాను. సభ మళ్ళీ నవ్వింది.

గవరయ్య ఇంటికొచ్చి రంపం తీశాడు. ఫిడేలు మీద పెట్టాడు. చెయ్యి ఆడలేదు. పెళ్ళాం కొండమ్మ చూసింది.

"ఏటి, ఆళ్ళ సాపకోసం రేపు నీ కాళ్ళు కూడా కోసుకుంటావేటి? రంపం అక్కడెట్టు. వొచ్చే ఏడూ పీటే అడుగు" అంది.

మూడో ఏడు దివాను గుమ్మంలోనే ఆపేశాడు. గవరయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. కొలువు పోతే పోయింది, దొర పేరు చెప్పి ఒక్కసారి వాయించి పోదామనుకున్నాడు. కోట బయట గుర్రాల తొట్టి అంచు మీద కూర్చుని కల్యాణి ఎత్తుకున్నాడు.

లోపల రాజుగారి తల్లి పెద్దరాణికి చెవులు పోయి పదేళ్ళు. వీణ వినపడదు, వేణువు వినపడదు, మనవరాలి మాట వినపడదు. ఉరిమితే తప్ప తలెత్తదు. అలాంటి పెద్దరాణి తలెత్తింది. గోడ పట్టుకుని నడిచి తొట్టి దాకా వచ్చింది.

"కల్యాణి కదూ నాయనా?" అంటూ ఏడ్చేసింది. "లోపలికొచ్చి వాయించు. ఏం కావాలో అడుగు."

మామూలుగా చెబితే ఆవిడకి వినపడదాయె. గవరయ్య కోటంతా వినేలా అరిచాడు.

"పీట కావాలమ్మా! నాక్కాదు, నా పనికి!"

పెద్దరాణి తన పీటే తెప్పించి వేయించింది. తను చాప మీద కూర్చుంది. తల్లి కింద కూర్చుంటే రాజు గద్దె మీద ఎలా ఉంటాడు? దిగాడు. రాజు దిగాక దివానూ దిగాడు. ఆ పూట అంత కొలువులో ఎత్తున కూర్చున్నది గుగ్గిలం చేతుల గవరయ్య ఒక్కడే.

ఇందాకటి నుంచి వాడు అన్నాను. ఇక ఆయన అంటాను. ఆయన ముప్ఫై ఏళ్ళు ఊరూరా వాయించాడు. ఊరూరా పీట వేశారు. తెల్లారితే మళ్ళీ పడవల దగ్గరే ఉండేవాడు.

ఆయన పోయి ఎన్ని తరాలైందో తెలీదు. ఇప్పటికీ ఆ వైపు కచేరీ అంటే ముందు వేదిక మీద ఒక పీట వేసి, చిటికెడు గుగ్గిలం పెడతారు. దాని మీద ఎంతటివాడూ కూర్చోడు. తరవాత ఊరిపెద్ద వచ్చి, పాడేవాడి దగ్గర్నుంచి దీపాలు పెట్టేవాడి దాకా ఒక్కొక్కర్నీ అడుగుతాడు. "నీ పనికేం కావాలి నాయనా?"

ఏం అడిగినా అక్కడ ఎవరూ నవ్వరు.