వెయ్యి బస్కీలు

చెయ్యి విరిగి నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్న గౌరీసు, కట్టు విప్పగానే గరిడీకి వచ్చాడు. అక్కడ కుస్తీలో అతనే మొనగాడు. దసరా పోటీలకి నెల కూడా లేదు.

"ఈ వారం యాభై బస్కీలు సాలు. ఆపైన వొద్దు" అన్నాడు గురువు సింహాద్రి నాయుడు.

యాభై! నిన్నగాక మొన్న చేరినవాళ్ళు రెండొందలు తీస్తుంటే గౌరీసుకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఎవరూ రాకముందే వచ్చి, చెమటలు కక్కుతూ వెయ్యి తీశాడు. నీళ్ళు తాగితే ఒళ్ళు బరువెక్కుతుందని గుక్కెడు కూడా ముట్టలేదు. వెర్రి కాకపోతే ఏమిటది!

రెండో రోజుకి తొడలు వాచి బిగుసుకుపోయాయి. కండ పెరుగుతోందని మురిసిపోయాడు. మూడో రోజు గోడ పట్టుకుని నడుస్తూ గరిడీకి వచ్చాడు.

"కాస్త నూనెట్టి మర్దనా సెయ్యండి గురువుగారూ."

గురువు తొడ నొక్కి చూశాడు. నూనె గిన్నె పక్కకి తోసేశాడు.

"ఉచ్చ ఏ రంగులో వస్తంది?"

గౌరీసు తల దించుకున్నాడు. "పాలు పొయ్యని టీనాగుంది. అదీ కొంచెవే."

"పద ఆస్పత్రికి."

"నాకేటవుద్ది గురువుగారూ? ఈ ఒళ్ళు ఇనప ఒళ్ళు. రెండ్రోజుల్లో అదే సర్దుకుంటాది."

గురువు లేచాడు. గోదాలోంచి గుప్పెడు మట్టి తీసి చెంబు నీళ్ళలో కలిపాడు. తన తువ్వాలు గౌరీసు చేతికిచ్చి పరిచి పట్టుకోమన్నాడు. ఆ మట్టినీళ్ళు అందులో పోశాడు. మొదట ధారగా కారింది. తర్వాత ఒక్కొక్క చుక్కా. కాసేపటికి అదీ ఆగిపోయింది. మట్టి గుడ్డనిండా మెత్తుకుపోయింది.

"నీ కండ సితికి నెత్తుట్లో కలుస్తంది. దాన్ని వడకట్టీవి లోపల రెండే ఉన్నాయి" అన్నాడు గురువు.

గౌరీసు ఆ గుడ్డకేసే చూస్తూ, ఆటో పిలవమన్నాడు.

ఆస్పత్రిలో సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే కిడ్నీలు పోయేవేమో అన్నాడు డాక్టరు. గురువు మంచం దగ్గరే ఉండి, రోజూ పొద్దున్నే ఉచ్చ సీసా కిటికీ వెలుగులో పట్టి చూశాడు. ఆరో రోజుకి తేటగా వచ్చింది. గౌరీసుకి ప్రాణం లేచొచ్చింది.

"ఇకమీదట మీరెన్ని తియ్యమంటే అన్నే తీస్తాను గురువుగారూ."

గురువు సీసా కింద పెట్టాడు.

"నీ తొడలకి నాను గురువునిరా. లోపల వడకట్టీవాటికి నువ్వే."