ఓబుళరెడ్డి చేను, బీరప్ప మంద

మా అయ్యవారు సదానందయ్య గారికి వాదనంటే గిట్టదు. ప్రశ్న వేసినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో నడిపించుకుపోవడమే ఆయన జవాబు. కాళ్లు నొప్పిపుడితే గాని మా బుర్రలు పనిచేయవని కాబోలు.

వ్యవసాయం చదువుకుని వచ్చిన శిష్యుడు నరహరి ఒకనాడు అడిగాడు. "అయ్యవారూ, ఎరువు సంచులు, పురుగుమందులు ముట్టకుండా చేసే సేద్యం నిజంగా భూమికి మేలేనా? ఒక పుస్తకం అవునంటే ఇంకొకటి కాదంటోంది."

అయ్యవారు కండువా భుజాన వేసుకుని లేచారు. నరహరితోపాటు నేనూ బయలుదేరాను.

మేం చేరింది కొండ కింద ఓబుళరెడ్డి చేనికి. భార్య పోయాక అతను అక్కడే గుడిసె వేసుకుని ఒంటరిగా ఉంటున్నాడు. సంచి ఎరువు వేయడు గనక ఊళ్లో పెంటరెడ్డి అని ఎగతాళి చేస్తారు. మమ్మల్ని చూడగానే చాప పరిచి, మజ్జిగ ఇచ్చి, అడక్కుండానే చెప్పుకొచ్చాడు.

"నా చేలో మందు చుక్క పడలేదు సామీ. ఏటా పంట కోసినాక బీరప్ప తన గొర్రెల మందను తెచ్చి చేలో నిలిపేటోడు. రాత్రిళ్లు అవి వేసిన పెంటే నాకు ఎరువు. నేను గింజలిచ్చేది, ఇద్దరం ఒకే సంగటి తినేది. అయితే పక్క చేలల్లో పండినంత నాకు పండదు. గింజలు చాలక కొండవార వాలు మీది కంప పొదలు కొట్టి దున్నినా. మందు తగలని నేల ఇంకాస్త పెరిగిందని సంతోషపడినా."

ఆ కంపలోనే బీరప్ప గొర్రెలు మేసేవి. ఆ ఏడు మందతో వచ్చిన బీరప్ప దున్నిన వాలును చాలాసేపు చూశాడట. "నీ చేను చల్లగుండనీ రెడ్డీ. నా గొర్రెలకు ఈడ మేత లేదు" అని మందను మళ్లించుకుపోయాడట. మళ్లీ రాలేదు. వాలు మీది మన్ను వానలకు కొట్టుకుపోయింది. పెంట లేక పాత చేను కూడా చిక్కిపోయింది. కొర్ర మోకాలెత్తైనా లేవలేదు, మేమూ చూశాం.

"ఇంక నేనూ సంచి కొనక తప్పదేమో" అని రెడ్డి తల వంచుకున్నాడు. మళ్లీ తలెత్తి, "చేను సంగతి అట్లుండనీ సామీ. సంగటి తినేటప్పుడు ఎదురుగా మనిషి లేడు, ముద్ద దిగడం లేదు. మీరు ఊళ్లు తిరిగేవాళ్లు. బీరప్ప ఎక్కడన్నా కనపడితే ఒక్కసారి రమ్మని చెప్పండి" అన్నాడు. మేం లేస్తుంటే ఇంకాస్త మజ్జిగ తాగిపొమ్మని బతిమాలాడు. ఆ మనిషిని అలా వదిలి రావడం నాకు చాలా కష్టమైంది.

తిరుగుదారిలో నరహరి ఉండబట్టలేకపోయాడు. "అయితే అయ్యవారూ, కాస్త సంచి ఎరువు వేసి ఉన్న చేలోనే పండించుకుని, ఆ కంప జోలికి పోకుండా ఉంటే మేలయ్యేదా?"

అయ్యవారు నడక ఆపలేదు. "అది చెప్పవలసినవాడు బీరప్ప. కంప కొట్టేనాడు అతన్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఎక్కడున్నాడో తెలియదు" అన్నారు.