సూదికి రాని నెత్తురు

ఏడు సముద్రాల అవతల, ఏడాది పొడుగునా వాన కురిసే స్కాట్ల దేశంలో, అనగనగా తోర్మద్ అని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది, వింటే నోరు తెరుస్తారు. రాజు బిడ్డలు రాజు ఇంట్లో పెరగకూడదు! ఏడేళ్లు నిండగానే పరాయి ఇంటికి పెంపకానికి పంపేయాలి. పెద్దవాడు ఒక సామంతుడి కోటలో పెరిగాడు. రెండోవాడు మఠంలో పెరిగాడు. మూడోవాడు ఎవన్. వాడి వంతు వచ్చేసరికి సామంతులంతా రాజు మీద అలిగి కూర్చున్నారు. అందుకని వాణ్ణి సముద్రపుటొడ్డున గొర్రెలు కాచుకునే మొరాగ్ అనే ఆవిడకు అప్పగించారు. ఆవిడ ఎవన్‌కు ఉన్ని వడకడం నేర్పింది, జావ కాచడం నేర్పింది, సీళ్లతో మాట్లాడటం నేర్పింది. సీలంటే మరేం కాదు, కుక్క మొహం, పిల్లి మీసాలు ఉండి సముద్రంలో ఈదే జంతువు.

పద్దెనిమిదో ఏట ఎవన్ తిరిగొచ్చాడు. విందులో రాజు అడిగాడు, "పెంపుడిళ్లలో ఏం నేర్చుకున్నార్రా?"

"కత్తి తిప్పడం," అన్నాడు పెద్దవాడు.

"లాటిన్ చదవడం," అన్నాడు రెండోవాడు.

ఎవన్ ఛాతీ విరుచుకున్నాడు. "మా అమ్మ నాకు సీళ్లతో మాట్లాడటం నేర్పింది నాన్నగారూ! ఆ విద్య ఇంకెవరికీ రాదు!"

ఎత్తిన గిన్నెలు ఎత్తినట్టే ఆగిపోయాయి. పాపం, సముద్రపుటొడ్డున పెరిగినవాడికి దేశం సంగతి ఏం తెలుసు? ఆ ఏడు పంట కుళ్లింది, ఆవులు వట్టిపోయాయి. అంతా మంత్రగత్తెల పనేనని జనం నమ్మారు. వాళ్లను పట్టడానికి రాజు నీనియన్ అనే మాంత్రికుణ్ణి పిలిపించాడు. నీనియన్ సూది గుచ్చితే నెత్తురు రాకపోయినా, నొప్పి పుట్టకపోయినా ఆ మనిషి మంత్రగత్తె. అంతే తీర్పు! అప్పటికే తొమ్మిదిమందిని తగలబెట్టించాడు.

పొగుడుదామని తెరిచిన నోరు తల్లిని పట్టిచ్చింది. మొరాగ్‌ను సంకెళ్లు వేసి ఈడ్చుకొచ్చారు. మూడో రోజు మధ్యాహ్నం సూది పరీక్ష అన్నారు.

పెద్దన్న దగ్గరికి పరిగెత్తాడు. "మన జోలి కాదురా," అన్నాడు పెద్దన్న. రెండో అన్న దగ్గరికి పరిగెత్తాడు. "శాస్త్రం ఒప్పుకోదు తమ్ముడూ," అన్నాడు రెండో అన్న. చివరికి సముద్రం దగ్గరికి పరిగెత్తాడు.

"సీలు మామా! ఆ మాంత్రికుడి ప్రాణం ఏ దీవిలో, ఏ చిలుకలో ఉందో చెప్పు. ఏడు సముద్రాలైనా దాటి దాని మెడ విరిచొస్తాను."

"ఈ చలికి చిలుక బతుకుతుందటయ్యా?" అంది సీలు. "వాడి ప్రాణం వాడి గుప్పిట్లోనే ఉంది. ఈ ఒడ్డున దిగిన రోజు వాడు సూదిని బండకేసి నొక్కాడు. అది బండలో దిగలేదు, పిడిలోకి దూరింది. వదిలితే మళ్లీ బయటికొచ్చింది. వాడు ఒకటే నవ్వు!"

"అయితే ఆ తొమ్మిదిమంది?"

"వాళ్లకు సూది గుచ్చుకోనే లేదు నాయనా."

ఎవన్ ఇసుకలో కూలబడిపోయాడు. సీలు చెప్పిందంటే ఎవరు నమ్ముతారు? తననూ కట్టేస్తారు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు.

మూడో రోజు సంత మైదానం కిటకిటలాడింది. నీనియన్ సూది ఎత్తగానే ఎవన్ అడ్డం పడ్డాడు. "పెంచిన తల్లి పాపంలో బిడ్డకూ వాటా ఉంటుంది. ముందు నాకు గుచ్చు!"

రాజవంశపు నెత్తురు ఒక్క చుక్క కారినా కార్చినవాడి తల ఎగిరిపోతుంది. అది ఆ దేశపు చట్టం. నీనియన్ మెల్లగా నొక్కాడు. నెత్తురు లేదు. జనం గుండెలు బాదుకున్నారు. రాజకుమారుడు మంత్రగాడా!

"నేను మంత్రగాణ్ణే!" అని అరిచాడు ఎవన్. "ఈ విద్య నాకు తండ్రి నుంచి వచ్చిందేమో. ఇప్పుడు నాన్నగారికి గుచ్చు!"

రాజు మండిపడి చెయ్యి చాచాడు. నీనియన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. మామూలు సూదితో గుచ్చితే నెత్తురొచ్చి తల పోతుంది. ఈ సూదితో గుచ్చితే రాజే మంత్రగాడు. రాజు విసుగొచ్చి సూది లాక్కుని తన చేతిలోనే గుచ్చుకున్నాడు. చుక్క రాలేదు. చెక్క మీద నొక్కాడు. గీత పడలేదు. రాతి మీద నొక్కాడు. సూది పిడిలోకి జారిపోయింది!

రాజు ముఖం పాలిపోయింది. "తొమ్మిదిమంది..." అన్నాడు. ఎవన్ ఆయన చేతిలోంచి సూదిని తీసుకుని విరిచేశాడు. అంతే, నీనియన్ నిలబడ్డచోటే బూడిదై రాలిపోయాడు.

సంకెళ్లు ఊడగానే మొరాగ్ కొడుకు తల నిమిరింది. "నా సంగతి సరే నాన్నా. ఆ తొమ్మిది ఇళ్లకు వెళ్లి ఎవరు చెబుతారు?"

రాజు తలెత్తలేకపోయాడు. ఆ రోజే కిరీటం ఎవన్‌కు ఇచ్చేశాడు. అన్నలిద్దరూ పక్కకు తప్పుకున్నారు.

కొత్త రాజు పట్టాభిషేకపు రాతి మీద కూర్చోగానే ఆస్థాన గాయకుడు ఆయన తాతముత్తాతల పేర్లు చదవాలి. గాయకుడు గొంతు సవరించుకున్నాడు. ఎవన్ చెయ్యెత్తి ఆపాడు. "మా తాతలు ఆగుతారు. ముందు ఆ తొమ్మిదిమంది పేర్లు చదువు."

మంటల్లో కాలినవాళ్ల పేరు పలకడమే ఆ దేశంలో నేరం! గాయకుడు తడబడుతూ ఎనిమిది పేర్లు చదివాడు. తొమ్మిదో పేరు ఎవరికీ తెలియదు.

జనంలోంచి ఐలా అనే అమ్మాయి లేచింది. "మార్సెలీ," అంది. "మా అమ్మ."

ఎవన్ రాతి మీంచి లేచి నిలబడి ఆ పేరు తన నోటితో పలికాడు. అతను లేచాడని సామంతులు లేచారు, సామంతులు లేచారని జనమంతా లేచారు. ఐలా అప్పటిదాకా దాచుకున్న ఏడుపంతా ఏడ్చేసింది.

ఏడాది తిరిగాక ఆ ఐలానే ఎవన్ పెళ్లాడాడు. మొరాగ్ దగ్గరుండి జావ కాచి పెళ్లివారందరికీ పోసింది. ఎవన్ యాభై ఏళ్లు రాజ్యం ఏలాడు. ఆ యాభై ఏళ్లూ ఆ దేశంలో సూదులతో బట్టలు మాత్రమే కుట్టారు.