మొంతోయా వారి ఇంటిపేరు

స్పెయిన్ రాజులు సముద్రాల అవతలి దీవులను ఏలడం మానుకున్న కొన్నేళ్లకు, ఒక దీవి నుంచి బెనీతా అనే వంటమనిషి భర్తతో, పిల్లలతో స్పెయిన్‌కు బతకడానికి వచ్చింది.

నివాసపత్రాలిచ్చే అధికారి మొంతోయా ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇక్కడ చుట్టాలుంటేనే పరదేశులను ఉండనిస్తాం. లేకపోతే రేపే ఓడెక్కు."

"ఉన్నారు దొరా. మీరే మా చుట్టం," అంది బెనీతా.

అతను మండిపడేలోపే పాత కాగితం ఒకటి అతని ముందు పరిచింది.

"మీ తాతగారు మా దీవికి గవర్నరుగా వచ్చి, మా ఇంటిపేర్లన్నీ కొట్టేసి, ఊరందరికీ మొంతోయా అనే రాయించారు. ఇదిగో, మా తాతకిచ్చిన కాగితం మీద ఆయన సంతకం. ఇది చెల్లదంటే ఆయన రాయించింది అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు. చెల్లుతుందంటే మేం మీ ఇంటివాళ్లం."

తాతను అబద్ధాలకోరు అనలేక మొంతోయా నివాసపత్రం మీద ముద్ర వేశాడు. దాన్ని ఆమెకిస్తూ, "మరి మీ అసలు ఇంటిపేరేమిటి?" అని మెల్లగా అడిగాడు.

చిన్నప్పుడు చేపలు ఎండబెట్టే ఒడ్డున కూర్చుని, బెనీతా తల దువ్వుతూ నాన్నమ్మ చెవిలో చెప్పిన పేరది. వెనక నిలబడ్డ పిల్లలకూ వినబడేలా, ఆ పేరును నిదానంగా పైకి చెప్పింది.