బుర్రావారి బాతులు

గోరింటలంకలో బుర్రావారు ఎంత తెలివైనవాళ్ళో ఎవరినీ అడగక్కర్లేదు. వాళ్ళే చెబుతారు. "ఊళ్ళో అందరికీ బుర్ర తలలో ఉంటుంది. మాకు ఇంటిపేరులోనే ఉంది" అంటాడు సూర్రావు మీసం దువ్వుకుంటూ. "ఇంటిపేరులో ఉన్నాక మళ్ళీ తలలో కూడా ఎందుకు, దండగ!" అంటాడు తమ్ముడు చిట్టియ్య. సూర్రావు పెళ్ళాం మంగతాయి కాపరానికొచ్చి ఆరేళ్ళే అయింది. "నాకింకా పూర్తిగా అబ్బలేదు గానీ, వస్తోందండీ" అని వినయంగా చెప్పుకునేది.

మంగతాయికి ఒకటే కోరిక, పెరట్లో బాతుల్ని పెంచాలని. పిల్లాజెల్లా లేని ఇల్లు. మొగుడూ మరిదీ పొలానికి పోతే పలకరించే దిక్కు లేదు. నాలుగు బాతులు తోకలూపుకుంటూ తిరుగుతుంటే ఎంత సందడిగా ఉంటుంది! ఆ మాట పక్కూళ్ళో ఉన్న మేనత్త నూకాలత్త చెవిన పడింది. ఆవిడ మనసు వెన్నే గానీ నోరు మహా గట్టిది. ఓ రోజు గంపలో నాలుగు బాతుల్ని పెట్టుకుని దిగబడింది.

"ఇదిగో మంగా, ఇవి ఇచ్చేశాననుకోకు. నెల్లాళ్ళు చూస్తాను. కళగా ఉంటే నీవే. ఒక్కటి చిక్కినా నాలుగూ పట్టుకుపోతాను. వీటి ఆలనా పాలనా మీదే. కుక్కలు తిరుగుతున్నాయి, ఒక కంట కనిపెట్టి ఉండండి. ఆ వెనక పంటకాలవలోకి మాత్రం వదలకండి, కొట్టుకుపోతాయి. ఇక గుడ్లు పెట్టడం మొదలెట్టాక, ఊరికే గుడ్లప్పగించి చూస్తూ కూర్చోకండి."

"మీ మాట పొల్లు పోనివ్వం అత్తగారూ" అన్నాడు సూర్రావు. నిజంగానే పొల్లు పోనివ్వలేదు. వచ్చిన చిక్కంతా అదే.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, ముగ్గురూ గంప చుట్టూ చేరారు.

"ఇందులో ఆలన ఏదిరా? పాలన ఏదిరా?" అన్నాడు సూర్రావు.

"ఆ తెల్లది పాలన. పాలలా లేదూ?" అన్నాడు చిట్టియ్య. "దాన్ని రాసుకుని నిలబడ్డది ఆలన. రెంటి పేర్లూ అత్త కలిపే చెప్పింది కదా!"

"ఓరి నీ తెలివి తగలెయ్య! మరి మిగతా రెండూ?"

"వాటి ఊసు అత్త ఎత్తలేదు. అవి మన బాధ్యత కాదు."

అంతే. ఆలనకీ పాలనకీ తవుడూ నూకలూ కలిపి పళ్ళెం నిండా పెట్టారు. మిగతా రెంటినీ అవతలికి తోలి, చేతులు జోడించి, "మీ తిండి సంగతి మీరు చూసుకోండమ్మా" అన్నారు. పాపం, అవి మెడలు చాచి పళ్ళెం వంకే చూస్తుంటే మంగతాయికి కడుపు తరుక్కుపోయింది. చూసుకుంటే అత్త మాట తప్పినట్టు. చూసుకోకపోతే పాపం. రెండు రోజులు ఆలోచించి ఉపాయం కనిపెట్టింది. చూడకుండా పెడితే చూసుకున్నట్టు కాదుగా! కళ్ళు గట్టిగా మూసుకుని తన కంచంలో సగం అన్నం వాటివైపు విసిరేది. బాతులకి నాలుగు మెతుకులు అందేవి. మిగతాదంతా గోడ తినేది.

ఇక కాపలా సంగతి. ముగ్గురూ పెరట్లో కూర్చుని బాతుల్ని చూస్తుంటే చిట్టియ్య ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు.

"అన్నయ్యా, కొంప మునిగింది! అత్త ఒక కంట కనిపెట్టమంది. మనం ముగ్గురం కలిసి ఆరు కళ్ళతో చూసేస్తున్నాం!"

"అమ్మో! అయిదు ఎక్కువ!" అని సూర్రావు గుండె బాదుకున్నాడు.

ఇంకేముంది, వంతులేసుకున్నారు. వంతు ఉన్నవాళ్ళు ఒక కంటికి గుడ్డ కట్టుకోవాలి. వంతు లేనివాళ్ళు పెరట్లోకి వస్తే రెంటికీ కట్టుకోవాలి. మొదటిరోజే సూర్రావు నడిచి నడిచి కుడితి గాబులో పడ్డాడు. చిట్టియ్య గేదె అనుకుని చెంబు పట్టుకుని దున్నపోతు కింద కూర్చున్నాడు. అది ఎక్కడ తన్నిందో అతను ఎవరికీ చెప్పలేదు గానీ, వారం రోజులు నిలబడే అన్నం తిన్నాడు.

పదిహేనో రోజున పాలన గుడ్డు పెట్టింది. మంగతాయి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "దాచి పెడతానండీ! అత్తకి చూపిస్తే బాతులు మనకే వదిలేస్తుంది" అంది గుడ్డుని కొంగులో చుట్టి.

"పిచ్చిమొహమా!" అన్నాడు సూర్రావు ప్రేమగా. "అత్తగారు ఏమన్నారు? గుడ్లప్పగించి చూస్తూ కూర్చోకండి అన్నారు. అంటే ఏమిటన్నమాట? గుడ్లు అప్పగించెయ్యాలి. ఆ తర్వాత చూస్తూ కూర్చోకూడదు."

"ఎవరికి అప్పగించాలి?"

"పేరు చెప్పలేదంటే ఎవరికైనా అనేగా!"

మంగతాయి గుమ్మంలోకి పరుగెత్తింది. ఎదురుగా పోస్ట్‌మేన్ వస్తున్నాడు. అతని చేతిలో గుడ్డు పెట్టి, గిరుక్కున తిరిగి, వెనక్కి చూడకుండా లోపలికొచ్చి తలుపేసుకుంది. అతనికేం అర్థం కాలేదు గానీ, మర్నాడు ఉత్తరాలు లేకపోయినా వచ్చాడు. మూడోరోజు వాళ్ళావిడని కూడా తీసుకొచ్చాడు. వారం తిరిగేసరికి తెల్లారకుండానే బుర్రావారి గుమ్మం ముందు గిన్నెలు పట్టుకుని జనం. ఊరంతా గుడ్డట్లు, గుడ్డు పులుసులు. బుర్రావారింట్లో మాత్రం మూడుపూటలా చింతకాయ పచ్చడే.

నెల నిండింది. మిట్టమధ్యాహ్నం నూకాలత్త వచ్చింది. పెరట్లోకి అడుగుపెడితే ఏముంది? రెండు బాతులు ఒళ్ళు బలిసి కదల్లేకపోతున్నాయి, రెండు ఎముకలగూడులా ఉన్నాయి. అల్లుడు కళ్ళకి గంతలు కట్టుకుని సపోటా చెట్టుని కుశలం అడుగుతున్నాడు.

"గుడ్లేవే?" అంది అత్త.

"అప్పగించేశాం అత్తా."

"ఎవరికే?"

"అందరికీ!" అంది మంగతాయి సంతోషంగా.

అత్త గుడ్లు తేలేసింది. కంగారు పడకండి, బాతు గుడ్లు కాదు, ఆవిడవే. కాసేపటికి తేరుకుని అందుకుంది. "మీ మొహాలకి బాతులు కూడానా! ఎండనపడి వచ్చాను, కాస్త నడుం వాల్చి లేస్తా. లేవగానే పట్టుకుపోతా. ఈ బాతులకి ఇక నీళ్ళొదులుకోండి!" అని, సపోటా నీడన నులకమంచం వాల్చుకుని గుర్రు పెట్టింది.

మంగతాయి ఉన్నచోటే కూలబడి ఏడుపు లంకించుకుంది. "నా బాతులు... నా బంగారాలు..."

"ఏడవకు వదినా" అన్నాడు చిట్టియ్య. "అత్త ఆఖరిమాట వినలేదా? బాతులకి నీళ్ళు వదలమంది. ఆ ఒక్కటీ చేస్తే కోపం పోతుంది."

"గాబులో నీళ్ళు చాలవురా" అన్నాడు సూర్రావు. "కాలవ ఉంది గానీ, అందులోకి వదలొద్దన్నారే!"

"బాతుల్ని కాలవలోకి వదలొద్దంది అన్నయ్యా. కాలవని బాతుల్లోకి వదలొద్దనలేదుగా!"

సూర్రావు తమ్ముణ్ణి కావలించుకున్నాడు. అందరికంటే ముందు పార అందుకున్నది మాత్రం మంగతాయే. బాతులు తన కళ్ళెదుటే ఉంటాయంటే కాలవేమిటి, గోదారినైనా తవ్వి తెచ్చేట్టుంది.

అంతే, పెరటి వెనక గట్టు తెగింది. నీళ్ళు బుసకొడుతూ వచ్చి పెరడంతా నిండిపోయాయి. వంటింట్లోంచి చెంబులు, చేటలు, పప్పుడబ్బా ఒకదాని వెనక ఒకటి తేలుకుంటూ బయటికొచ్చాయి. నాలుగు బాతులూ కేరింతలు కొడుతూ ఈదుతున్నాయి. ఏది ఆలనో, ఏది కాదో ఎవరికీ తెలియడం లేదు. మంగతాయి మొదటిసారి నాలుగింటినీ రెండు కళ్ళతో చూసుకుంది, కడుపు నిండిపోయింది.

వీపుకి చల్లగా తగిలి నూకాలత్త లేచింది. కాలు కింద పెడితే మోకాలి లోతు నీళ్ళు! నోరు పెగిల్చుకుని ముందు నలుగుర్నీ తిట్టింది. ఉన్నది ముగ్గురే, నాలుగో తిట్టు తనకే. తర్వాత బాతుల వెంట పడింది. ఆవిడ అటు దూకితే అవి ఇటు, ఇటు దూకితే అటు. అరగంటకి రెండుసార్లు జారి, మూడుసార్లు మునిగి, ఒక్క ఈక కూడా దొరక్క, వగర్చుకుంటూ మళ్ళీ మంచమెక్కింది.

"నా వల్ల కాదు తల్లీ! బాతులు నువ్వే ఉంచుకో. నీకో దండం, నీ మొగుడికో దండం. నన్ను మాత్రం ఎలాగోలా ఒడ్డున పడెయ్యండి, అదే పదివేలు!"

"ఉంచుకోనా? నిజంగా నావేనా అత్తా?" అని మంగతాయి నీళ్ళలోనే గెంతింది. "ఏమండోయ్, నుంచున్నారే! పాపం అత్త అడగక అడగక ఒక్క పని అడిగింది!"

అన్నదమ్ములు మంచానికి చెరోవైపు చెయ్యి వేశారు. అత్తని మంచంతో సహా ఎత్తుకుని, నీళ్ళు తోసుకుంటూ, జాగ్రత్తగా కాలవ గట్టు దాకా మోసుకెళ్ళారు. అక్కడ ఆగి, ఊపిరి బిగబట్టి, ఒకటి, రెండు, మూడు అని ఊపి విసిరేశారు.

అత్త వెళ్ళి అవతలి ఒడ్డు బురదలో చతికిలబడింది. సూర్రావు చెమట తుడుచుకుని, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అడిగాడు.

"అత్తగారూ, ఇక్కడ సరిపోయిందా? ఇంకాస్త అవతలికి పడెయ్యమంటారా?"